ఊరొకటే.. పేర్లు రెండు, కార్డులు రెండు!
సరిహద్దు తేలని కొఠియా కొండల్లో బతుకుతెరువు

ఆంధ్రా అధికారులు ఆ ఊరిని గంజాయిభద్ర అంటారు. ఒడిశా కాగితాల్లో అదే ఊరు తలగంజేయిపదర్. పట్టుచెన్నూరు అటువైపు ఫట్టుసెనేరి అవుతుంది, పగులుచెన్నూరు ఫగునసెనేరి అవుతుంది. ఊరు కదల్లేదు, ఇళ్లు కదల్లేదు. బోర్డు రాసే సర్కారు మారితే పేరు మారిపోతుంది, అంతే!

తూర్పు కనుమల్లో దేవమాలి కొండకు దగ్గర్లో ఉంది కొఠియా. ఇటు పార్వతీపురం మన్యం జిల్లా సాలూరు మండలం, అటు కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకు. కొఠియా పంచాయతీలో ఉన్న 28 పల్లెల్లో 21 పల్లెల కోసం రెండు రాష్ట్రాలకూ తగాదా. ఇక్కడి గిరిజనం ఇంట్లో కువి మాట్లాడతారు. సంతలో తెలుగు, ఆఫీసులో ఒడియా. మూడు భాషలూ తడుముకోకుండా వచ్చేస్తాయి. చోళ్లు, వలిసెలు, పసుపు, అల్లం పండిస్తారు. చింతపండు, కొండచీపుళ్లు కొండ దింపి అమ్ముకుంటారు. ఎక్కువ మంది దిగేది సాలూరు వైపే.

1936లో ఒడిశా ఏర్పడినప్పుడు ఈ కొండల మీద గీత సరిగ్గా పడలేదు. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఎక్కడివక్కడే ఉంచమని కోర్టు చెప్పింది. సరిహద్దు తేల్చడం తన పని కాదని, అది పార్లమెంటు చూడాల్సిందేనని 2006లో తేల్చేసింది. ఆ మాట చెప్పి ఇన్నేళ్లయినా పార్లమెంటులో కదలిక లేదు.

రెండు సర్కార్ల పోటీ

తగువు వల్ల కొఠియాకు ఒక లాభం జరిగిందని చెప్పక తప్పదు. మిగతా కొండ పల్లెలు రోడ్డు కోసం ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకుంటుంటే, ఇక్కడ ఇద్దరూ పోటీ పడి పనులు మొదలెట్టారు. ఒడిశా కొఠియాలో పోలీసు స్టేషన్ పెట్టింది. రోడ్లు, బడులు, ఆసుపత్రి సౌకర్యాల మీద డబ్బు పోసింది. ఆంధ్రా పింఛన్లు, రేషను, అంగన్‌వాడీలు నడిపింది. చాలా ఇళ్లలో రెండేసి రేషన్ కార్డులు, రెండేసి ఓటరు కార్డులు.

పింఛను లెక్క చూస్తే జనం సాలూరు వైపు ఎందుకు చూస్తారో అర్థమవుతుంది. ఆంధ్రాలో వృద్ధాప్య పింఛను 2024 జులై నుంచి రూ.4,000. ఒడిశా 80 ఏళ్ల లోపు వారికి ఇచ్చేది రూ.1,000. ముసలాయనకు రాష్ట్రాల రాజకీయంతో పనేముంది? నెల తిరిగేసరికి చేతిలో ఎంత పడిందన్నదే లెక్క.

ఓటు కూడా అంతే. 2021 ఫిబ్రవరిలో ఆంధ్రా ఈ మూడు ఊళ్లలో పంచాయతీ ఎన్నికలు పెడితే, కోర్టు ధిక్కారమంటూ ఒడిశా మళ్లీ సుప్రీంకోర్టు గడప తొక్కింది. 2024 మే 13న రెండు రాష్ట్రాల పోలింగూ ఒకే రోజు వచ్చింది. ఇటు సాలూరు, అటు పొట్టంగి. ఏ బూత్‌కు పోవాలో ఓటరే తేల్చుకోవాలి.

నలిగేది పిల్లలే

బియ్యం, పింఛను రెండు వైపులా తెచ్చుకోవచ్చు. చదువు అలా కాదు. పిల్లోణ్ణి తెలుగు బడిలో వేస్తే పెద్ద చదువుకు సాలూరు, పార్వతీపురం పోవాలి. ఒడియా బడిలో వేస్తే పొట్టంగి, కొరాపుట్ దారి పట్టాలి. అక్షరాలు దిద్దే వయసులోనే తల్లిదండ్రులు రాష్ట్రాన్ని ఎంచుకోవాల్సి వస్తోంది.

ఆ మీదట కాగితాల గొడవ. ఆంధ్రాలో 371డి కింద స్థానికుడు అనిపించుకోవాలంటే వరసగా ఇన్నేళ్లు ఇక్కడే చదివినట్టు చూపించాలి. ఒడియా బడిలో చదివిన వాడికి ఆ కాగితం దొరకదు. కులం సర్టిఫికెట్టూ ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రంలోనే చెల్లుతుంది. నేలదీ ఇదే తంటా. ఒకరిచ్చిన పట్టాను రెండోవారు ఒప్పుకోకపోతే పోడు చేసుకునే వాడికి దిక్కెవరు?

2021 నవంబరు 9న అప్పటి ముఖ్యమంత్రులు జగన్, నవీన్ పట్నాయక్ భువనేశ్వర్‌లో కూర్చుని ప్రధాన కార్యదర్శులతో కమిటీ వేద్దామన్నారు. 2024లో ఇద్దరూ పదవి దిగిపోయారు. అటు కొత్త సర్కారు, ఇటు కొత్త సర్కారు వచ్చాయి. గంజాయిభద్రకు మాత్రం ఇంకా రెండు పేర్లే.