పికప్ బండి కంపెనీ టైర్ల ఆయుర్దాయం

హైదరాబాదు నుంచి పడమరకు సాగే 65వ జాతీయ రహదారి మీద పటాన్‌చెరు దాటాక రుద్రారం, సంగారెడ్డి, సదాశివపేట, జహీరాబాదు వరుసగా వస్తాయి. ఈ దారి సరకు బండ్లు తిరిగే దారి మాత్రమే కాదు, బండ్లూ టైర్లూ తయారయ్యే దారి కూడా. 1980లలో జపాను కంపెనీల సహకారంతో దేశంలో పుట్టిన చిన్న లారీల సంస్థలలో ఒకటైన ఆల్విన్ నిస్సాన్ జహీరాబాదులోనే వెలసి, తరువాత మహీంద్రా చేతికి వచ్చింది. 2015లో విడుదలైన జీతో అనే చిన్న సరకు బండిని కూడా మహీంద్రా జహీరాబాదులోనే తయారుచేసింది. సదాశివపేటలో ఎం.ఆర్.ఎఫ్. టైర్ల కర్మాగారం ఉంది. ఇంత దగ్గరలో ఇవన్నీ ఉన్నా, పాశమైలారం, బొల్లారం పారిశ్రామిక వాడలకు సరకు మోసే పికప్ యజమానుల నోట తరచు వినిపించే ఫిర్యాదు ఒకటుంది: బండితో వచ్చిన కంపెనీ టైర్లు అనుకున్నదానికంటె ముందే గుండయిపోతున్నాయని.

ఆ మాటలో కొంత నిజముంది. బండి తయారీదారు టైరును ఎంచుకొనేటప్పుడు మైలేజీ, శబ్దం, తడి రోడ్డు మీద పట్టు, బరువు, ధర అన్నింటినీ తూచి చూస్తాడు కనుక, ఎక్కువ కాలం మన్నడం అనేది అనేక గుణాలలో ఒకటి అవుతుంది తప్ప ఏకైక లక్ష్యం కాదు. దొర్లుతున్న టైరు ప్రతి చుట్టుకూ నలిగి, తిరిగి సాగుతుంది. ఆ క్రమంలో కొంత శక్తి వేడిగా మారి వృథా అవుతుంది. దీనినే రోలింగ్ రెసిస్టెన్స్ అంటారు. ఇది తగ్గితే డీజిలు ఆదా అవుతుంది, కాని దానిని తగ్గించే మార్గాలలో ఒకటి ట్రెడ్‌ను, అంటే నేలను తాకే గాళ్ల రబ్బరు పొరను, కాస్త పలుచగా ఉంచడం. కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ 2022లో కార్లు, తేలికపాటి సరకు బండ్లు, భారీ వాహనాల టైర్లకు రోలింగ్ రెసిస్టెన్స్, తడి పట్టు, శబ్దం అనే మూడు విషయాలలో హద్దులు విధించింది. టైరు ఎన్ని కిలోమీటర్లు మన్నాలన్నది ఆ మూడింటిలో లేదు. అమెరికాలో కారు టైర్ల మీద ట్రెడ్‌వేర్ అంకె ముద్రిస్తారు. టెక్సాస్‌లోని శాన్ ఏంజెలో చుట్టుపక్కల 400 మైళ్ల దారిలో బండ్లను మొత్తం 7,200 మైళ్లు నడిపి ఆ అంకెను నిర్ణయిస్తారు. అయితే అది కారు టైర్లకే పరిమితం. ఎల్‌టీ అనే అక్షరాలు కలిగిన తేలికపాటి ట్రక్కు టైర్లకు అది వర్తించదు. కాబట్టి పికప్ టైరు ఆయువును ముందుగా చెప్పే అంకె ఏదీ దాని మీద ఉండదు.

అయితే కంపెనీ ఎంపిక కంటె ఎక్కువగా టైరును తినేది బండి చేసే పని. టైరు నేలను తాకే కొద్దిపాటి జాగాలో రబ్బరు స్వల్పంగా జారుతూ ఉంటుంది, ఆ జారుడే అరుగుదల. బరువు, వేగం, బ్రేకు, మలుపు, వేడి అన్నీ దానిని పెంచుతాయి. అనుమతించిన బరువుకు మించి ఎక్కించినప్పుడు టైరు పక్కగోడ ఎక్కువగా వంగి, లోపల వేడి పెరిగి, రబ్బరు మెత్తబడి త్వరగా రాలిపోతుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ఓవర్‌లోడుకు 20,000 రూపాయల జరిమానాతో పాటు అదనపు బరువులో ప్రతి టన్నుకు 2,000 రూపాయలు విధిస్తుంది. పట్టుబడనివారు కూడా ఆ ఖర్చును టైర్ల రూపంలో కొంత చెల్లిస్తూనే ఉంటారు.

పికప్‌కు ప్రత్యేకమైన చిక్కు మరొకటుంది, దీనిని గమనించేవారు తక్కువ. కారు బరువు రోజంతా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. పికప్ మాత్రం పోయేటప్పుడు నిండా సరకుతో పోయి, చాలాసార్లు ఖాళీగా తిరిగి వస్తుంది. నిండు బరువుకు తగినట్టు వెనుక టైర్లలో గట్టిగా గాలి నింపితే, ఖాళీగా వచ్చేటప్పుడు టైరు ఉబ్బి నడిమి భాగం మాత్రమే నేలను తాకడం వల్ల అక్కడే అరుగుతుంది. ఖాళీ బండికి సరిపోయే గాలితో బరువు మోస్తే రెండు అంచులూ అరుగుతాయి. అందుకే తయారీదారు బరువున్నప్పుడు ఇంత, లేనప్పుడు ఇంత అని వేర్వేరు ఒత్తిళ్లు సూచిస్తే, వాటిని ఆ రోజు పనిని బట్టి పాటించడం మంచిది. మే నెల మధ్యాహ్నం నడిచి వచ్చిన బండికి గాలి చూపించి, ఎక్కువ ఉందని తీసివేయడం మరో పొరపాటు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఒత్తిడి సుమారు 2 పీఎస్ఐ పెరుగుతుంది కాబట్టి, వేడి టైరు నుంచి తీసిన గాలి మర్నాటి ఉదయానికి కొరతగా తేలుతుంది. సూచించిన ఒత్తిడి చల్లని టైరుకు చెప్పినది.

ముందు టైర్ల కథ వేరు. గోదాముల ఆవరణలలో, ఇరుకు గేట్ల దగ్గర బండి నిలిచి ఉండగానే స్టీరింగు పూర్తిగా తిప్పడం, డివైడరు సందులలో యూటర్నులు తీసుకోవడం వాటి అంచులను కొరుకుతాయి. చక్రాలు ముందుకు చూసే కోణం, అంటే టో, గుంతలలో పడి తప్పితే ట్రెడ్ రంపపు పళ్లలా ఒకవైపు పదునెక్కుతుంది. అరచేతిని అడ్డంగా ఇటూ అటూ జరిపితే అది తెలిసిపోతుంది, అప్పుడు వీల్ అలైన్‌మెంట్ ఆలస్యం చేయరాదు. సుమారు 10,000 కిలోమీటర్లకు ఒకసారి టైర్ల చోట్లు మార్చడం కూడా అవసరం. వెనుక చక్రాలకు ఇంజను బలం అందే బండ్లలో, ఒకే వైపు తిరగాలన్న గుర్తు టైర్ల మీద లేకపోతే, వెనుకవాటిని నేరుగా ముందుకు, ముందువాటిని ఎడమ కుడి మార్చి వెనుకకు వేస్తారు.

మిగిలిన ఆయువును అంచనా వేయడానికి గాడి లోతు కొలిచే చిన్న గేజి చాలు. ఉదాహరణకు 9 మిల్లీమీటర్ల లోతుతో మొదలైన టైరు 10,000 కిలోమీటర్లకు 7 మిల్లీమీటర్లకు చేరిందనుకుంటే, చట్టం చెప్పిన కనీస లోతు 1.6 మిల్లీమీటర్ల వరకు 5.4 మిల్లీమీటర్లు మిగిలి ఉన్నాయి. అదే లెక్కన మరో 27,000 కిలోమీటర్లు రావాలి. ఎత్తయిన కొత్త గట్లు ఎక్కువగా ఊగుతాయి కనుక మొదట్లో అరుగుదల వేగంగా ఉండి తరువాత నెమ్మదించడం సహజం. మొదటి కొలతను చూసి టైరును తీసిపారేయడం తొందరపాటు. గాళ్ల అడుగున అక్కడక్కడ కనిపించే చిన్న గట్లు ఆ కనీస లోతుకు గుర్తులు. ట్రెడ్ వాటితో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. నిజానికి వానాకాలంలో అంతవరకు ఆగడం క్షేమం కాదు. నీటిని పక్కలకు నెట్టేది ఆ గాళ్లే కాబట్టి, లోతు 3 మిల్లీమీటర్ల కంటె తగ్గినప్పటి నుంచే తడి రోడ్డు మీద బండి ఆగే దూరం గట్టిగా పెరుగుతుంది. ఆ బండి వెనుకా ముందూ ప్రాణాలు ఉంటాయి. ఇంకొక నెల నడుస్తుందన్న లెక్క అక్కడ పనికిరాదు.

రాలిన రబ్బరు పొడి ఎక్కడికి పోతుందన్న ప్రశ్న కూడా ఇప్పుడు శాస్త్రజ్ఞుల ముందుంది. టైర్లు పగుళ్లివ్వకుండా కలిపే 6పీపీడీ అనే రసాయనం గాలిలోని ఓజోనుతో కలిసి మారినప్పుడు కోహో సాల్మన్ చేపలను చంపుతుందని 2020లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. ఐరోపా సమాఖ్య 2024లో ఆమోదించిన యూరో 7 నిబంధనలలో టైరు అరుగుదలకు మొదటిసారిగా పరిమితి ప్రవేశపెట్టింది. పటాన్‌చెరు ప్రాంతపు వాన నీరు నక్కవాగు గుండా మంజీరలో కలుస్తుంది. ఆ వాగు పరిశ్రమల మురుగుతో ఇప్పటికే ఎంతో నష్టపోయింది కనుక, టైరు పొడి లెక్క కూడా అక్కడ తీయవలసిన రోజు వచ్చింది.