ఆర్మీనియనుల సంహారము: చరిత్రకారుల విచారణ



చెన్నపట్టణమున జార్జిటౌనులో ఆర్మీనియను వీధి యను వీధి యొకటి కలదు. అందు 1772లో కట్టిన ఆర్మీనియనుల ప్రార్థనాలయము నేటికిని నిలిచియున్నది. ఆ జాతివారి మొట్టమొదటి పత్రికయైన 'అజ్దరార్' 1794లో ఆ పట్టణముననే అచ్చుపడెను. వర్తకమునకై మన తీరమునకు వచ్చిన ఆ జాతికి తన స్వదేశమున వాటిల్లిన ఘోరమును గూర్చియు, దానిపై పండితులు చేసిన విచారణను గూర్చియు నేడు మనవి చేసెదను.

ఆర్మీనియనులు క్రైస్తవులు. వారిలో పెక్కుమంది టర్కీ సుల్తానుల యేలుబడిలో సేద్యము, వర్తకము, చేతిపనులు చేసికొని జీవించుచుండిరి. 1894 మొదలు 1896 వరకును, మరల 1909లో అదానా ప్రాంతమునను వారిపై హత్యాకాండలు జరిగెను. 1914లో టర్కీ జర్మనీపక్షమున యుద్ధమునకు దిగెను. సారికామిష్ వద్ద రష్యావారిచేత దాని సేన చితికిపోయెను. ఆర్మీనియనులు శత్రువులకు తోడ్పడుచున్నారని పాలకులు నింద మోపిరి. 1915 ఏప్రిల్ 24వ తేదీని రాజధానిలోని ఆర్మీనియను విద్వాంసులను, పత్రికాకర్తలను వందలకొలది నిర్బంధించిరి. మే నెలలో దేశాంతరమునకు పంపు శాసనము పుట్టెను. గ్రామములకు గ్రామములే ఖాళీ చేయించిరి. పెక్కుచోట్ల పురుషులను వేరుచేసి చంపి, స్త్రీలను, బిడ్డలను, వృద్ధులను సిరియా ఎడారివైపు నడిపించిరి. ఆకలిచేతను, దప్పిచేతను, రోగముచేతను, కత్తిచేతను వారు దారిపొడవున రాలిపోయిరి. ఎడారి చేరినవారిని సైతము 1916లో దైర్ అజ్జోర్ ప్రాంతమున వేలకొలది వధించిరి. మృతుల సంఖ్యను 6 లక్షలనుండి 15 లక్షల వరకు పలువురు పలువిధముల లెక్కించిరి. సుమారు 10 లక్షలని గాని, అంతకు మించియని గాని పెక్కుమంది చరిత్రకారుల మతము.

ఊరి తగవులు తీర్చు మీకు నేను చెప్పనక్కరలేదు: పని జరిగినదా యనునది యొక ప్రశ్న, ఏల జరిగినది, ఎట్లు జరిగినది యనునది వేరొక ప్రశ్న. రెంటిని కలగలిపినచో తగవు తెగదు. ఈ విషయమున జరిగిన పొరపాటు తరచుగా అదియే.

మొదటి ప్రశ్నకు సాక్ష్యమెట్టిది? 1916లో బ్రైసు ప్రభువును, టాయన్బీ పండితుడును బ్రిటిషు ప్రభుత్వము తరఫున ఒక సాక్ష్యసంపుటమును ప్రకటించిరి. అది శత్రుపక్షము వ్రాత గదా యని శంకింపవచ్చును. కాని జర్మనీ, ఆస్ట్రియా దేశములు టర్కీకి మిత్రులు. ఆ దేశముల రాయబారులు తమ ప్రభుత్వములకు రహస్యముగా పంపిన నివేదికలును ఆ మాటనే చెప్పుచున్నవి. తన పక్షమువాడే తనకు ప్రతికూలముగా పలికిన సాక్ష్యమునకు ఎంత బరువు గలదో మీరెరుగుదురు. 1919లో ఆ రాజధానియందే కూర్చున్న తురుష్క సైనిక న్యాయస్థానము, పరారియైయున్న మాజీమంత్రి తలాత్ పాషాకు మరణదండన విధించెను. జయించినవారి యొత్తిడి దానిపై నుండెనను ఆక్షేపణ యున్నది; అయినను తక్కిన సాక్ష్యము దానిమీద ఆధారపడి లేదు.

రెండవ ప్రశ్నయందే పండితులకు నిజమైన భేదము. పూర్వపు హత్యాకాండలతో మొదలైన సంకల్పమే 1915లో పండెనని వహాగ్న్ దాద్రియను వాదించెను. ముందే గీసిన పథకము కాదు, ఓటమియు భయమును కలసి క్రమక్రమముగా విధానమును సంహారముగా మార్చెనని డోనాల్డ్ బ్లాక్సుహామును, రోనాల్డ్ సునీయును తలంచిరి. తానర్ అక్చామ్ అను తురుష్క పండితుడు ప్రభుత్వపు తంతివార్తలను శోధించి, చంపుటకు ఆజ్ఞలు పైనుండి వచ్చెనని చూపుటకు శ్రమించెను. మరియొక ప్రక్క గుంటర్ లూయీ, మరణములను అంగీకరించియే, కేంద్రప్రభుత్వపు పథకము రుజువు కాలేదనెను. ఇది తిరుగుబాటును, ఉభయపక్షముల నష్టమును కలిసిన యుద్ధమని జస్టిన్ మెకార్తీ వాదము. టర్కీ ప్రభుత్వము నేటికిని జాతిసంహారమను పేరును ఒప్పుకొనుట లేదు.

ఈ వాదమున సత్యాంశము లేకపోలేదు. వాన్ పట్టణమున ఆర్మీనియనులు ఆయుధములు పట్టిరి. ఆ యుద్ధమున ముసల్మానులైన రైతులును లక్షలకొలది మడిసిరి. కాని యుద్ధరంగమునకు బహుదూరమైన బుర్సా, అంకారా పట్టణములనుండి కుటుంబములను ఎడారికి తోలుటకు వాన్ తిరుగుబాటు కారణము కాజాలదు. చంటిబిడ్డ గూఢచారి కాదు. ఈ ప్రశ్నకు ఆ పక్షమువారి సమాధానము నాకు తృప్తి కలిగింపలేదు. లోకమునందలి పండితులలో అధికసంఖ్యాకులకును కలిగింపలేదు.

పేరును గూర్చి యొకమాట. పోలండు న్యాయవాదియైన రాఫెల్ లెమ్కిన్ 'జెనోసైడు' అను పదమును 1944లో సృష్టించెను. ఆర్మీనియనుల గతియే తన్ను ఈ విచారమునకు పురికొల్పినవానిలో నొకటియని ఆతడే చెప్పెను. 1948 డిసెంబరు 9వ తేదీని ఐక్యరాజ్యసమితి దానిని అంతర్జాతీయ నేరముగా నిర్ణయించెను. ఒక జాతిని జాతిగా నశింపజేయు ఉద్దేశమే ఆ నేరమునకు ప్రాణము. కావుననే ఉద్దేశమును గూర్చి అంత వాదము.

ఈ పాపమును తురుష్కులందరికి అంటగట్టుట న్యాయము కాదు. అలెప్పో గవర్నరు జెలాల్ బే ఆజ్ఞను పాటింప నిరాకరించి, బదిలీయై చేరిన కోన్యాయందును చేతనైనంత మందిని కాపాడి, తుదకు పదవిని పోగొట్టుకొనెను. ఆజ్ఞ వచ్చినప్పుడు వేరు త్రోవ యుండెననుటకు ఆతడే సాక్షి. త్రోవ యుండెను గనుకనే, దానిని విడిచినవారిని చరిత్ర విచారించుచున్నది.