రెండు సప్లైలున్నాయి కదా!

పోయిన వేసవిలో ఓ తెల్లవారుజామున తాడేపల్లిగూడెం హాస్టల్లో పడుకున్న నన్ను బావ ఫోన్ లేపింది. కైకలూరు దగ్గర మావయ్యవాళ్ళ రొయ్యల చెరువు మీద ఏరేటర్లన్నీ ఒక్కసారే ఆగిపోయాయట. కరెంటు పోయిందా అంటే లేదు, షెడ్డులో లైటు వెలుగుతూనే ఉంది.

కొల్లేటి చుట్టుపక్కల వాళ్ళకి ఆ వేళ ఎంత గండమో చెప్పక్కర్లేదు. ఎండ లేని రాత్రంతా నాచూ, రొయ్యలూ, అడుగు మట్టీ నీళ్ళలోని ఆక్సిజన్ని వాడుకుంటూనే ఉంటాయి. తెల్లారేముందు అది బాగా పడిపోతుంది.

తప్పు ప్యానెల్లో ఉంది. ఆ మోటార్ల కాంటాక్టర్ల కాయిళ్ళకి 24 వోల్టుల డీసీ కావాలి. అది లేకపోతే మూడు ఫేజులూ ఉన్నా మోటారు తిరగదు. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందని ప్యానెల్ కట్టినాయన రెండు సప్లైలు పెట్టి, ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్ కలిపేశాడు. మరి రెండూ ఒకేసారి ఎలా పోయాయి?

పోలేదు, ఒకటే పోయింది! దాని అవుట్‌పుట్ లోపల షార్టయింది. బాగున్నది తన కరెంటంతా ఆ షార్టులోకే పోతుంటే తట్టుకోలేక వోల్టేజి వదిలేసింది. "ఒకదాని ప్లస్ తీగ పీకి చూడు బావా" అన్నాను. మొదటిది పీకితే ఏమీ లేదు. దాన్ని మళ్ళీ పెట్టి రెండోది పీకగానే ఏరేటర్ల చప్పుడు ఫోన్లోనే వినపడింది.

అందుకే ఒక్కో సప్లై ప్లస్ తీగలో ఒక్కో డయోడ్ ఉండాలి. ఒకటి షార్టయినా రెండోదాని కరెంటు వెనక్కి అందులోకి పోదు. రిడండెన్సీ మాడ్యూల్ అని అమ్మేది ప్రధానంగా ఇదే. మామూలు సిలికాన్ డయోడ్ మీద సుమారు 0.7 వోల్టులు పోతాయి, అంటే 10 ఆంపియర్ల దగ్గర 7 వాట్ల వేడి. రేకుల షెడ్డులో, మూసిన ప్యానెల్లో, మే నెలలో ఆ వేడి తక్కువేం కాదు. మాస్‌ఫెట్ మాడ్యూల్ చల్లగా ఉంటుంది, జేబుకే వేడి.

లోడు లెక్క కూడా చూడాలి. 15 ఆంపియర్ల లోడుకి రెండు 10 ఆంపియర్ల సప్లైలు కలిపితే రోజులు గడుస్తాయి గానీ, ఒకటి పోయిన రోజు రెండోది మోయలేదు. మావయ్యది 6 ఆంపియర్లే కాబట్టి ఆ బాధ లేదు.

డయోడ్లు పెట్టాక ఇంకో చిక్కుంది. ఒకటి చచ్చినా అన్నీ మామూలుగానే నడుస్తాయి, ఎవరికీ తెలీదు. అందుకని రెండు సప్లైల డీసీ ఓకే కాంటాక్టుల్నీ హారన్‌కి కలిపాం. రెండిటికీ ఒకే ఎమ్‌సీబీ ఉండేది, దాన్నీ విడదీసి వేర్వేరు ఫేజుల మీద వేశాం.

ఇప్పుడు ప్రతి ఆదివారం పగలు మావయ్య ఒక ఎమ్‌సీబీ దింపుతాడు. హారన్ మోగాలి, ఏరేటర్లు ఆగకూడదు. తర్వాత అది ఎత్తి రెండోది దింపుతాడు. అత్తకి మాత్రం ఆ హారనంటే చిరాకు.