ఆధ్యాత్మిక గ్రంథ పఠనం: పుట – తెర

చదువులన్నీ ఒక్క తీరువి కావు. వార్తాపత్రికను ఒకసారి చూసి పక్కన పెడతాం. నవలను చివరి పుట వరకు చదివి ముగిస్తాం. ఆధ్యాత్మిక గ్రంథం విషయంలో మాత్రం చివరి పుటకు చేరడం పఠనానికి ముగింపు కాదు. చదివినదాన్ని మళ్ళీ చదవడం, తలపోయడం, జీవితానికి అన్వయించుకోవడం అందులోని ప్రధాన భాగాలు. అందుకే మన పెద్దలు శ్రవణం, మననం, నిదిధ్యాసనం అని మూడు మెట్లు చెప్పారు. వినడం మొదటి మెట్టు, విన్నదాన్ని ఆలోచించడం రెండవది, దానిలోనే మనస్సును నిలపడం మూడవది. ఒకప్పుడు పూజగదిలో వ్యాసపీఠంపై ఉండే గ్రంథం నేడు అరచేతిలోని సెల్‌ఫోన్‌లో ఇమిడిపోయింది. ఈ మార్పు వల్ల పఠనానికి కలిగిన లాభమేమిటి, నష్టమేమిటి అని విచారించడం అవసరం.

గ్రంథాన్ని మోసే సాధనం మారడం ఇదే మొదటిసారి కాదు. పోతన భాగవతాన్నే ఉదాహరణగా తీసుకుందాం. 15వ శతాబ్దంలో పోతన ఆ మహాకావ్యాన్ని రచించిన నాటికి తెలుగునాట ముద్రణ లేదు. తాటాకులపై గంటంతో వ్రాయడమే పద్ధతి. తాళపత్రానికి చెదల భయం, తేమ భయం, నిప్పు భయం ఎప్పుడూ ఉండేవి. భాగవతంలో కొన్ని భాగాలు శిథిలం కాగా వాటిని బొప్పన గంగన, ఏర్చూరి సింగన, వెలిగందల నారయ పూరించారని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. పంచమ స్కంధం గంగన పేరిట, షష్ఠ స్కంధం సింగన పేరిట, ఏకాదశ, ద్వాదశ స్కంధాలు నారయ పేరిట నేటికీ ఉన్నాయి. గ్రంథం ఎంత గొప్పదైనా, దానికి ఆధారమైన వస్తువు నశిస్తే అదీ నశించే ప్రమాదం ఉందని దీనివల్ల తెలుస్తుంది.

ముద్రణ ఈ ప్రమాదాన్ని చాలా వరకు తొలగించింది. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ వేలాది వ్రాతప్రతులను సేకరించి, పండితుల చేత ప్రతులను పోల్చి చూపించి, పాఠాలను పరిష్కరింపజేశాడు. వేమన పద్యాలను ఆయన 1829లో అచ్చు వేయించాడు. 1854లో మద్రాసులో ప్రారంభమైన వావిళ్ళ వారి ముద్రణ సంస్థ పురాణాలను, కావ్యాలను తెలుగువారి ఇంటింటికీ చేర్చింది. 1923లో గోరఖ్‌పూర్‌లో స్థాపితమైన గీతాప్రెస్ తక్కువ ధరకే ఆధ్యాత్మిక గ్రంథాలను అందించడం వ్రతంగా పెట్టుకుంది. కొద్దిమంది పండితుల ఇళ్ళలో ఉన్న గ్రంథం సామాన్యుని చేతికి వచ్చింది. పురాణం చెప్పేవారి కోసం ఎదురుచూడకుండా ఎవరికి వారు చదువుకొనే అవకాశం కలిగింది.

తెరపై పఠనం ఈ పరిణామంలో తరువాతి ఘట్టం. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి రూపంలోనే తెలుగు లిపికి స్థానం లభించింది. ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు అక్షరం ఒకే విధంగా నిలిచి ఉండడానికి అది పునాది వేసింది. చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించి, 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందిన రాజ్‌రెడ్డి చొరవతో 2000 తరువాతి సంవత్సరాలలో భారతీయ డిజిటల్ గ్రంథాలయ పథకం సాగింది. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు అందులో పాలుపంచుకొన్నాయి. ఆనాడు స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలలో అనేకం నేడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా లభిస్తున్నాయి. తెలుగు వికీసోర్స్‌లోనూ ప్రాచీన గ్రంథాల పాఠాలు ఉన్నాయి.

తెర చేసే ఉపకారం చిన్నది కాదు. ఎన్నడో ముద్రణ ఆగిపోయిన పుస్తకం క్షణంలో చేతికి వస్తుంది. అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో ఉన్న తెలుగు కుటుంబానికి గ్రంథాలయం అందుబాటులో లేకపోయినా భాగవతం అందుబాటులో ఉంటుంది. చూపు మందగించిన వృద్ధులు అక్షరాలను పెద్దవి చేసుకొని చదువుకోగలరు. చూపు లేనివారు పాఠాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ సాయంతో వినగలరు. ఒక పదం గ్రంథంలో ఎక్కడెక్కడ వచ్చిందో వెదకడానికి పూర్వం పండితులకు రోజులు పట్టేది. నేడు నిమిషం చాలు. శ్రవణం అనే మొదటి మెట్టును తెర అందరికీ సులభం చేసిందనడంలో సందేహం లేదు.

అయితే రెండవ మెట్టు అయిన మననం మాటేమిటి? ఇక్కడ ముద్రిత గ్రంథానికి కొన్ని ప్రత్యేక గుణాలు ఉన్నాయి. మొదటిది స్థిరత్వం. అచ్చు పుస్తకంలో ప్రతి పద్యానికీ ఒక చోటు ఉంటుంది. గజేంద్ర మోక్షం ఎడమ పుట పైభాగంలో మొదలైతే, ఎన్నిసార్లు తెరిచినా అది అక్కడే ఉంటుంది. చదువరి మనస్సు పద్యంతో పాటు ఆ చోటును కూడా గుర్తుంచుకొంటుంది. ఖుర్‌ఆన్‌ను కంఠస్థం చేసే విద్యార్థులు అభ్యాసమంతా ఒకే ముద్రణ ప్రతిపై కొనసాగించే సంప్రదాయం ఈ కారణం చేతనే ఏర్పడింది. పుటకు 15 పంక్తుల చొప్పున 604 పుటలుగా ఉండే మదీనా ప్రతి ఇందుకు ప్రసిద్ధం. పుట మారకపోతే జ్ఞాపకం చెదరదని వారి అనుభవం. తెరపై వేలితో జరుపుతూ పోయే పాఠానికి ఇటువంటి స్థిరమైన చోటు ఉండదు. అక్షరాల పరిమాణం మారిస్తే పుటలే మారిపోతాయి.

ఆధునిక పరిశోధనలు కూడా ఈ విషయాన్ని పరిశీలించాయి. నార్వేలో పదవ తరగతి విద్యార్థులు 72 మందిపై జరిపిన అధ్యయనం 2013లో వెలువడింది. అందులో కాగితంపై చదివినవారి అవగాహన కంప్యూటర్‌పై చదివినవారి కంటే మెరుగుగా ఉన్నట్లు తేలింది. 2000 నుండి 2017 వరకు జరిగిన 54 అధ్యయనాలను, వాటిలో పాల్గొన్న 1,70,000 మందికి పైగా పాఠకుల ఫలితాలను కలిపి పరిశీలించిన వ్యాసం ఒకటి 2018లో ప్రచురితమైంది. సమాచార ప్రధానమైన పాఠాలలో, ముఖ్యంగా నిర్ణీత సమయంలో చదవవలసి వచ్చినపుడు, కాగితానిదే పైచేయి అని అది తెలిపింది. కథా పాఠాలలో మాత్రం ఆ తేడా కనిపించలేదు. ఇవి ఆధ్యాత్మిక గ్రంథాలపై జరిగిన పరిశోధనలు కావు. కాని నిదానంగా, లోతుగా చదవవలసిన ఏ పాఠానికైనా ఇవి ఒక హెచ్చరిక.

రెండవది పద్య స్వరూపం. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు ఉంటాయి, చంపకమాలలో 21. తాళపత్రంలో స్థలం పొదుపు కోసం పద్యాన్ని పాద విభజన లేకుండా ఏకధాటిగా వ్రాసేవారు. అచ్చు పుస్తకం నాలుగు పాదాలనూ ఒకదాని క్రింద ఒకటి నిలిపింది. ప్రాసాక్షరం నాలుగు పాదాల మొదట వరుసగా కంటికి కనిపించింది. సెల్‌ఫోన్ తెర వెడల్పు తక్కువ కాబట్టి ఒక్కొక్క పాదం రెండుగా విరిగి, నాలుగు పాదాల పద్యం ఏడెనిమిది ముక్కలవుతుంది. యతి ఎక్కడో, పాదాంతం ఎక్కడో తెలియక చదువరి తడబడతాడు. ఫోన్‌ను అడ్డంగా తిప్పి చదివితే ఈ లోపం కొంత తీరుతుంది.

మూడవది ఏకాగ్రత. పుస్తకానికి చదివించడం తప్ప వేరే పని లేదు. ఫోన్‌కు వంద పనులు. ఆటలు, సందేశాలు, బేరాలు, వార్తలు అన్నీ అందులోనే ఉన్నాయి. ప్రహ్లాద చరిత్ర చదువుతుండగా పైన ఒక సందేశం మెరిస్తే చూపు అటు మళ్ళుతుంది. చూపు వెంట మనస్సూ మళ్ళుతుంది. పరీక్షిత్తు తనకు మిగిలిన ఏడు రోజులూ మరొక ధ్యాస లేకుండా భాగవతం విన్నాడు. సప్తాహ పారాయణ సంప్రదాయానికి ఆ కథే మూలం. మాటిమాటికీ తెగిపోయే పఠనం ఎన్ని గంటలు సాగినా పారాయణం కాజాలదు.

పాఠశుద్ధి అన్నింటికంటె ముఖ్యమైన విషయం. పద్యంలో ఒక్క ఒత్తు జారిపోయినా గణం చెడుతుంది, ఒక్కోసారి అర్థమే మారుతుంది. తెరపై చేతులు మారే పద్యాలలో అరసున్నలు, బండి ‘ఱ’లు మాయమవుతుంటాయి. ఎవరో వ్రాసిన పద్యం వేమన పేరిటనో, పోతన పేరిటనో ప్రచారమవుతుంది. దాని మూలం అడిగేవారు తక్కువ. మంచి ముద్రణ ప్రతిలో పరిష్కర్త పేరు, పీఠిక, పాఠాంతరాలు ఉంటాయి. పొరపాటు జరిగితే బాధ్యులెవరో తెలుస్తుంది. అచ్చయినదంతా శుద్ధమని దీని అర్థం కాదు. అచ్చుతప్పులతో నిండిన పుస్తకాలూ ఉన్నాయి. అటువంటి సందర్భంలో తెరపై లభించే పాత ప్రామాణిక ముద్రణల స్కాన్ ప్రతులే మనకు దిక్కు.

కాబట్టి పుటనూ తెరనూ శత్రువులుగా భావించడం తగదు. పదం వెదకడానికి, అరుదైన గ్రంథాన్ని సంపాదించడానికి, రెండు ప్రతులను పోల్చి చూడడానికి తెరను ఆశ్రయించవచ్చు. నిత్యం చదువుకొనే గ్రంథాన్ని మాత్రం, ఎంత చిన్నదైనా, అచ్చు ప్రతిగా దగ్గర ఉంచుకోవడం మేలు. పుస్తకం కొనే స్తోమత లేనివారికి ఊరి గ్రంథాలయం ఉంది. తెర తప్ప వేరే ఆధారం లేనివారు ఫోన్‌కు వచ్చే సందేశాలను కాసేపు నిలిపివేసి, రోజుకు ఒక్క పద్యమే అయినా బిగ్గరగా చదివి, దాన్ని స్వహస్తంతో నోటుపుస్తకంలో వ్రాసుకొంటే పుట ఇచ్చే ఫలితాన్ని చాలా వరకు పొందగలరు.

తాటాకుపై చదివిన తరం పోయింది, అచ్చు పుస్తకంపై చదివిన తరాలు వచ్చాయి, తెరపై చదివే తరం పెరుగుతున్నది. సాధనాలు మారినా గ్రంథం కోరేది ఒక్కటే: చదివే వేళ చదువరి మనస్సు మరొక చోట ఉండకూడదు. వేల గ్రంథాలు చేతిలో ఉన్న నేటి విద్యార్థికి గ్రంథాల కొరత లేదు. ఒక గ్రంథం వద్ద నిలకడగా కూర్చొనే ఓపికను అతడు అలవరచుకోవాలి. ఆ ఓపిక ఉన్ననాడు పుట అయినా, తెర అయినా అతనికి జ్ఞానద్వారమే అవుతుంది.