ద్వీపాల స్వచ్ఛంద సంస్థలకు స్థానిక నిధి ఎందుకు అవసరం?

శ్రీ విజయపురం: 2004 డిసెంబరు 26న సునామీ అండమాన్, నికోబార్ ద్వీపాలను ముంచెత్తిన తరువాత దేశవిదేశాల సహాయ సంస్థలు అక్కడికి తరలివచ్చాయి. పునరావాస కార్యక్రమాలు ముగిసేకొద్దీ వాటిలో అనేకం వెనుదిరిగాయి. ద్వీపవాసుల మధ్యనే ఉండి ఏళ్ల తరబడి పనిచేయవలసిన చిన్న సంస్థలకు నిధులు ఎక్కడి నుంచి రావాలన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. ఈ ప్రశ్నకు పలు దేశాలు ఎంచుకున్న మార్గం ‘కమ్యూనిటీ ఫౌండేషన్’.

ఏమిటీ వ్యవస్థ?

ఒక ప్రాంతపు దాతల విరాళాలను ఉమ్మడి నిధిగా భద్రపరచి, అదే ప్రాంతంలోని స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లుగా అందించే ట్రస్టును కమ్యూనిటీ ఫౌండేషన్ అంటారు. 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో బ్యాంకరు ఫ్రెడరిక్ గాఫ్ ఈ విధానానికి శ్రీకారం చుట్టారు. భారత్‌లో 1991లో ఏర్పడిన బాంబే కమ్యూనిటీ పబ్లిక్ ట్రస్టు ఈ కోవలోనిదే.

సాధారణంగా మూలధనాన్ని ముట్టుకోకుండా, దానిపై వచ్చే ఆదాయాన్ని పంచుతారు. ఏ సంస్థకు ఎంత ఇవ్వాలన్నది స్థానిక పరిస్థితులు తెలిసినవారు నిర్ణయిస్తారు. లెక్కల నిర్వహణ, ఆదాయపు పన్ను చట్టం కింద నమోదు, కార్పొరేట్ సామాజిక బాధ్యత నిధులకు అవసరమైన సీఎస్ఆర్-1 నమోదు వంటి పనుల్లోనూ చిన్న సంస్థలకు తోడ్పడతారు.

ద్వీపాల్లో ప్రత్యేక పరిస్థితి

ఈ కేంద్రపాలిత ప్రాంతంలో 836 ద్వీపాలు, దీవులు ఉండగా, జనావాసం ఉన్నవి 31 మాత్రమే. 2011 జనాభా లెక్కల ప్రకారం జనాభా సుమారు 3.8 లక్షలు. వీరిలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. బెంగాలీ, తమిళం, హిందీ, నికోబారీ మాట్లాడేవారూ గణనీయంగా ఉన్నారు. రాజధాని నుంచి గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బేకు దూరం 500 కిలోమీటర్లకు పైనే. అందువల్ల ఒక చిన్న కార్యక్రమాన్ని పర్యవేక్షించడానికి అయ్యే ప్రయాణ వ్యయం కొన్నిసార్లు కార్యక్రమ వ్యయాన్నే మించవచ్చు. దూరాన ఉన్న దాతకు ఇది భారం. స్థానిక నిధికి అంత భారం కాదు.

స్థానికంగా వేళ్లూనుకున్న సంస్థ ఏమి చేయగలదో వండూర్‌లోని అండమాన్ నికోబార్ ఎన్విరాన్‌మెంట్ టీమ్ చూపుతోంది. మద్రాస్ క్రొకడైల్ బ్యాంక్ ట్రస్టు నెలకొల్పిన ఈ క్షేత్ర కేంద్రం గ్రాంట్లు పంచే సంస్థ కాదు. అయితే బయటి నుంచి వచ్చే పరిశోధకులకు వసతినీ, కరెన్ సముదాయం వంటి స్థానికుల అనుభవాన్నీ ఒకే చోట సమకూరుస్తోంది. లిటిల్ అండమాన్‌లో లెదర్‌బ్యాక్ తాబేళ్లపై ఏళ్లుగా సాగుతున్న పరిశీలనకు ఇటువంటి ఆధారమే తోడ్పడింది.

చట్టపరమైన అవరోధాలు

2020లో విదేశీ విరాళాల నియంత్రణ చట్టాన్ని సవరించడంతో, ఒక సంస్థ తాను పొందిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయడంపై పూర్తి నిషేధం అమల్లోకి వచ్చింది. పెద్ద సంస్థ విదేశీ నిధులు తెచ్చి చిన్న సంస్థలకు పంచే మార్గం దీంతో మూసుకుపోయింది. దేశీయ నిధుల విషయంలోనూ, 2023 ఆర్థిక చట్టం ప్రకారం ఒక ధర్మసంస్థ మరో ధర్మసంస్థకు ఇచ్చే మొత్తంలో 85 శాతాన్నే ధార్మిక వ్యయంగా పరిగణిస్తారు.

కార్పొరేట్ నిధులకూ పరిమితులున్నాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం అర్హమైన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతాన్ని సామాజిక కార్యక్రమాలకు వెచ్చించాలి. అయితే తాము పనిచేసే ప్రాంతాలకు ప్రాధాన్యమివ్వాలని అదే చట్టం చెబుతోంది. భారీ పరిశ్రమలు లేని ద్వీపాలకు దీనివల్ల ఒనగూరే ప్రయోజనం స్వల్పం.

మిగిలిన మార్గం

ఫలితంగా ద్వీపాల్లో ఇటువంటి నిధి ప్రధానంగా దేశీయ దాతలపైనే ఆధారపడవలసి ఉంటుంది. విదేశాల్లో నివసిస్తున్నా భారత పౌరసత్వం కలిగినవారు తమ సొంత పొదుపు నుంచి బ్యాంకుల ద్వారా పంపే విరాళాన్ని విదేశీ విరాళంగా పరిగణించరు. విదేశీ పౌరసత్వం స్వీకరించినవారికి, ఓసీఐ కార్డు ఉన్నప్పటికీ, ఈ మినహాయింపు వర్తించదు. స్వదేశంలోని సంస్థలకు చేయూతనివ్వదలచిన ప్రవాస తెలుగువారు ముందుగా గమనించవలసిన తేడా ఇదే.