జీతం ఆగింది.. ఆట ఓడింది

సికింద్రాబాద్: ఆడిన మ్యాచ్‌లు 22. గెలిచింది ఒక్కటి. డ్రాగా ముగిసినవి 5. ఓడినవి 16. ప్రత్యర్థులకు 43 గోల్స్ ఇచ్చుకుని తాను చేసినవి 10. పాయింట్లు 8. పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. 2023-24 ఇండియన్ సూపర్ లీగ్‌లో హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ సాధించింది ఇంతే. రెండేళ్ల క్రితం ఇదే లీగ్‌లో కప్పు గెలిచిన జట్టు ఇంతగా దిగజారడం జంటనగరాల అభిమానులకు మింగుడు పడలేదు.

ఆటగాళ్లకు ఆట మరచిపోయిందా అంటే కాదు. జట్టు ముందు కార్యాలయంలో కూలింది. మైదానంలో ఓటమి ఆ తర్వాత వచ్చింది.

అట్టడుగు నుంచి అగ్రస్థానానికి

పుణె జట్టు మూతపడ్డాక దాని స్థానంలో 2019లో హైదరాబాద్ జట్టు పుట్టింది. మొదటి ఏడాది 18 మ్యాచ్‌లలో 2 గెలిచి, 10 పాయింట్లతో ఆఖరున నిలిచింది. కొత్త జట్టు కదా అని అభిమానులు సరిపెట్టుకున్నారు. 2020లో స్పెయిన్‌కు చెందిన మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చారు. పేరున్న వారి వెంట పడకుండా కుర్రాళ్లకు అవకాశం ఇచ్చారు. ఆ ఏడాది జట్టు ఐదో స్థానానికి ఎదిగింది.

2022 మార్చి 20న గోవాలోని ఫతోర్డాలో ఫైనల్ జరిగింది. కేరళ బ్లాస్టర్స్ ముందుగా గోల్ చేసింది. ఇక ఆశ లేదనుకున్న తరుణంలో 88వ నిమిషాన సాహిల్ తవోరా స్కోరు సమం చేశాడు. పెనాల్టీలలో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపాడు. హైదరాబాద్ 3-1తో కప్పు గెలిచింది. ఆ సీజన్‌లో నైజీరియా ఆటగాడు ఒగ్బెచే 18 గోల్స్ కొట్టాడు. మరుసటి ఏడాది కూడా జట్టు 42 పాయింట్లతో లీగ్ పట్టికలో రెండో స్థానం దక్కించుకుంది.

ఒక్కొక్కరుగా వెళ్లిపోయారు

2023లో మార్కెజ్ గోవా జట్టుకు వెళ్లిపోయారు. అప్పటికే జీతాల బకాయిలు పేరుకుపోయాయి. ఫిర్యాదులు ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా దాకా వెళ్లాయి. బకాయిలు తీర్చే వరకు కొత్త ఆటగాళ్లను చేర్చుకోరాదని నిషేధం పడింది. పాతవారు వెళ్లిపోతుంటే వారి స్థానంలో కొత్తవారిని తెచ్చుకునే దారి లేకుండా పోయింది.

2024 జనవరిలో విదేశీ ఆటగాళ్లు సామాను సర్దుకున్నారు. చింగ్లెన్‌సానా సింగ్ బెంగళూరుకు, మహమ్మద్ యాసిర్ గోవాకు మారారు. విదేశీయుల్లో మిగిలింది బ్రెజిల్‌కు చెందిన జోవో విక్టర్ ఒక్కడే. కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టో చేతిలో ఉన్నది ఎక్కువగా అనుభవం లేని కుర్రాళ్లే.

ఆ కుర్రాళ్లతోనే మ్యాచ్‌లన్నీ ఆడించారు. గెలుపు కోసం మార్చి దాకా ఆగాల్సి వచ్చింది. చెన్నైలో చెన్నైయిన్ జట్టుపై మకన్ చోటే కొట్టిన ఏకైక గోల్‌తో 1-0గా నెగ్గారు. సీజన్ మొత్తానికి సంతోషం ఆ ఒక్క సాయంత్రమే.

నాడు ఉద్యోగం, నేడు ఒప్పందం

సికింద్రాబాద్‌కు ఫుట్‌బాల్ కొత్త కాదు. కంటోన్మెంటులో సైనికుల ఆట చూసి నేర్చుకున్న పిల్లలు దేశానికి ఆడారు. అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరామ్ 1956, 1960 ఒలింపిక్స్‌లో ఆడారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన జట్టులోనూ ఉన్నారు. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో కన్నుమూశారు. హైదరాబాద్ జట్టు పతనం మొదలైనది కూడా ఆ ఏడాదే. సికింద్రాబాద్ క్లబ్బుల్లో ఆట మొదలుపెట్టిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ 1958లో ఆసియా ఉత్తమ గోల్‌కీపర్‌గా పేరు పొందారు.

ఆ తరానికి గురువు బడి పంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించింది.

ఆ ఆటగాళ్లు లక్షలు చూడలేదు. అయితే పోలీసు జట్టులో ఉన్నవారికి పోలీసు ఉద్యోగం ఉండేది. సైన్యంలో ఉన్నవారికి సైన్యం జీతం వచ్చేది. మ్యాచ్ ఓడినా ఇంట్లో పొయ్యి వెలిగేది. నేటి ఆటగాడికి ఉన్నది ఒప్పందం కాగితం. యజమాని చేతిలో డబ్బు ఉంటేనే దానికి విలువ. డబ్బు ఆగితే ఎంత మంచి జట్టైనా ఆరు నెలల్లో చెదిరిపోతుందని 2023-24 సీజన్ చూపింది.

ఢిల్లీకి తరలిన జట్టు

2024లో జిందాల్ గ్రూపు జట్టును కొనుగోలు చేసింది. 2024-25లో 24 మ్యాచ్‌లకు 4 గెలుపులు, 18 పాయింట్లు. పదమూడు జట్లలో పన్నెండో స్థానం. కుదుటపడుతోందని అనుకుంటుండగానే 2025 అక్టోబరులో జట్టు ఢిల్లీకి తరలిపోయి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా పేరు మార్చుకుంది. ఓడినా మన జట్టే అని గచ్చిబౌలి స్టేడియానికి వెళ్లినవారికి ఆ ఓడే జట్టు కూడా లేకుండా పోయింది.

అమ్ముగూడ, బొల్లారం, తిరుమలగిరి వైపు పిల్లలు బంతి ఆడటం మానలేదు. ఆడితే బతుకుతెరువు ఉంటుందా అన్నదే వారి తల్లిదండ్రుల ప్రశ్న. పోలీసు శాఖ, రైల్వే వంటి సంస్థలు క్రీడా కోటాలో ఫుట్‌బాల్‌కు తగిన చోటివ్వాలి. ఈ నగరం పేరుతో మళ్లీ క్లబ్ పెట్టదలచినవారు ముందుగా ఏడాది జీతాలకు సరిపడే సొమ్మును పూచీగా చూపాలి. కోచ్‌ను, విదేశీ ఆటగాళ్లను వెతుక్కోవడం ఆ తర్వాతి పని.