వృద్ధాశ్రమంలో వేళలు ఎవరివి

వృద్ధుల నివాస గృహాలలో జరిగే పనిని సాధారణంగా రెండుగా విభజించి చెబుతారు. స్నానం చేయించడం, బట్టలు మార్చడం, తినిపించడం, మరుగుదొడ్డికి తీసుకువెళ్లడం, మంచం మీద నుంచి కుర్చీలోకి దించడం వంటివన్నీ వ్యక్తిగత సంరక్షణ కింద లెక్కకు వస్తాయి. కలిసి భోంచేయడం, పాటలు, పండుగలు, తోటపని, పక్క గదులవారితో స్నేహాలు సామూహిక జీవనం కిందికి వస్తాయి. కాగితం మీద వేర్వేరుగా కనిపించే ఈ రెండూ అక్కడ నివసించేవారి అనుభవంలో మాత్రం విడిపోవు. రోజు మొత్తంలో మరొక మనిషి తన కోసమే వచ్చి, తనను తాకి, తనతోనే మాట్లాడే సమయం చాలామందికి స్నానం చేయించే ఆ కాసేపే కనుక, అది ఎలా గడిచిందన్న దానిని బట్టే మిగతా రోజు నలుగురిలోకి రావాలనిపించడమో, తలుపు వేసుకుని గోడవైపు తిరిగి పడుకోవాలనిపించడమో జరుగుతుంది.

ఈ సంగతిని విడమరిచి చూడడానికి ఆస్ట్రేలియా తగిన ఉదాహరణ. ఇంట్లో ఉండి నెట్టుకురాలేని స్థితికి చేరినవారిని 24 గంటలూ చూసుకునే ఈ వ్యవస్థను అక్కడ ‘రెసిడెన్షియల్ ఏజ్డ్ కేర్’ అంటారు. లాభాపేక్ష లేని సంస్థలు, ప్రైవేటు కంపెనీలు, కొన్నిచోట్ల రాష్ట్ర ప్రభుత్వాలు ఈ గృహాలను నడుపుతాయి. ఖర్చులో అధిక భాగాన్ని కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది. నివాసి తన వంతుగా ఒంటరి పింఛనుదారుకు వచ్చే వృద్ధాప్య పింఛనులో 85 శాతాన్ని రోజువారీ రుసుముగా చెల్లిస్తాడు, ఆస్తిపాస్తులు ఉంటే అంతకు మించి చెల్లించవలసి వస్తుంది. చేరేవారిలో ఎక్కువమంది ఎనభై దాటినవారు, మూడింట రెండు వంతుల మంది స్త్రీలు, సగానికి పైగా డిమెన్షియా ఉన్నవారు; డిమెన్షియా అంటే జ్ఞాపకంతో పాటు ఆలోచన, భాష, రోజువారీ పనులు చేసుకునే శక్తి క్రమంగా సన్నగిల్లే జబ్బుల సముదాయం. కాబట్టి అక్కడి వ్యక్తిగత సంరక్షణ చేతకర్ర అందించడంతో తీరే పని కాదు.

దక్షిణ ఆస్ట్రేలియాలోని ఓక్‌డెన్ అనే ప్రభుత్వ కేంద్రంలో వృద్ధ రోగుల పట్ల జరిగిన దుర్మార్గం బయటపడి 2017లో దానిని మూసివేయవలసి రాగా, మరుసటి సంవత్సరం అక్టోబరులో ప్రభుత్వం ‘రాయల్ కమిషన్’ను, అంటే సాక్షులను పిలిపించే అధికారం గల అత్యున్నత స్థాయి విచారణ సంఘాన్ని నియమించింది. అది 2019లో ఇచ్చిన మధ్యంతర నివేదికకు ‘నిర్లక్ష్యం’ అనే ఒక్క మాటనే శీర్షికగా పెట్టింది. తడిసిన డైపర్లతో గంటల తరబడి వదిలివేయడం, పడక పుండ్లను గమనించకపోవడం, అలజడి పడే వృద్ధులను ఓదార్చే తీరిక లేక మత్తుమందులతో పడుకోబెట్టడం, తిండి మీద మనిషికి రోజుకు ఆరు డాలర్లకు అటూఇటుగా మాత్రమే ఖర్చు చేయడం వంటివి దేశమంతటికీ తెలిశాయి. 2021 మార్చిలో 148 సిఫారసులతో తుది నివేదిక వెలువడింది. ఈ విచారణలో బయటపడిన చాలా లోపాలు క్రూరుల వల్ల జరిగినవి కావన్నది మరచిపోకూడదు. చేతులు తక్కువై, పని ఎక్కువై, గడియారం ముందు పరుగెత్తే సిబ్బంది ఉన్నచోట మంచివారి చేత కూడా నిర్లక్ష్యం జరుగుతుంది.

అందుకే సంస్కరణలు మొదట గడియారాన్నే పట్టుకున్నాయి. 2023 జూలై నుంచి ప్రతి గృహంలో రాత్రింబవళ్లు ఒక రిజిస్టర్డ్ నర్సు ఉండాలన్న నిబంధన వచ్చింది. అదే సంవత్సరం అక్టోబరు నుంచి ఒక్కో నివాసికి రోజుకు సగటున 200 నిమిషాల సంరక్షణ అందాలని, 2024 అక్టోబరు నుంచి అది 215 నిమిషాలకు పెరిగి అందులో 44 నిమిషాలు రిజిస్టర్డ్ నర్సువి కావాలని నిర్ణయించారు; మనిషి అవసరాన్ని బట్టి గృహానికీ గృహానికీ ఈ లెక్క మారుతుంది. ఇది నిస్సందేహంగా మేలైన మార్పు. అయితే ఈ నిమిషాలలోకి నర్సుల పని, సంరక్షణ సహాయకుల పని మాత్రమే చేరుతాయి తప్ప పాటలు పాడించేవారు, తోటలోకి నడిపించుకుపోయేవారు, పుట్టినరోజులు గుర్తుంచుకుని సందడి చేసేవారు, అంటే అక్కడ ‘లైఫ్‌స్టైల్’ సిబ్బందిగా పిలిచేవారి సమయం చేరదు. స్నానం లెక్కకు వచ్చి పాట రాని ఈ పద్ధతిలో ఒక ప్రమాదం దాగి ఉంది. డబ్బు బిగుసుకున్నప్పుడు యాజమాన్యాలు లెక్కకు రాని పనినే మొదట కత్తిరిస్తాయి. లెక్కకు వచ్చే పనిని కూడా నిమిషాలు నింపే పనిగా చూసే అలవాటు పడుతుంది.

స్నానాన్నే తీసుకుంటే, డిమెన్షియా ఉన్న ఒక వృద్ధురాలి వైపు నుంచి అది ఎలా ఉంటుందో ఆలోచించవచ్చు. గుర్తుపట్టలేని మనిషి ఒకరు తెల్లవారుతూనే వచ్చి, బట్టలు విప్పి, చల్లని గదిలో చక్రాల కుర్చీ మీద కూర్చోబెట్టి, పైనుంచి ముఖం మీదికి నీళ్లు వదిలితే ఆమె కేకలు వేయడం, రక్కడం, చేయి విసరడం జబ్బు లక్షణాలుగా రికార్డులోకి ఎక్కుతాయి. నిజానికి ఆ స్థితిలో ఎవరైనా చేసే పని అదే. అమెరికాలోని ఆరిగన్, నార్త్ కరోలినా రాష్ట్రాల నర్సింగ్ హోములలో జరిగి 2004లో ప్రచురితమైన ఒక పరిశోధన ఈ విషయాన్ని పరీక్షకు పెట్టింది. ఒక పద్ధతిలో మనిషి ఇష్టాయిష్టాలను బట్టి షవర్ స్నానాన్ని మలిచారు. ఇంకొక పద్ధతిలో మంచం మీదనే, కడగనక్కరలేని సబ్బునీటిలో తడిపిన వెచ్చని పెద్ద తువ్వాలుతో ఒళ్లంతా కప్పి, పైనుంచి మర్దన చేసినట్టు రుద్దుతూ శుభ్రం చేశారు. మొదటి పద్ధతిలో దాడి చేసే ప్రవర్తన 53 శాతం, రెండవ పద్ధతిలో 60 శాతం తగ్గింది. దీనికి అదనంగా పట్టిన సమయం స్వల్పం.

షవర్ స్నానాన్ని ఇలా మలచడంలో ఉన్న నేర్పు చూడడానికి చిన్నచిన్న విషయాలే. గదిని ముందుగా వెచ్చబరచడం. నీటి వేడిని సహాయకురాలు తన ముంజేతి మీద చూసుకుని, ఆ తరువాత వృద్ధురాలి చేతిని తాకించి చూపడం. భుజాల మీద, ఒడిలో తువ్వాలు కప్పి ఉంచి కడుగుతున్న భాగాన్ని మాత్రమే తెరవడం. పాదాల నుంచి మొదలుపెట్టి పైకి వచ్చి, అందరికీ చిరాకు కలిగించే ముఖాన్నీ తలనూ చివరికి వదలడం. చేయబోయే పనిని ప్రతిసారీ ముందు చెప్పడం. చేతిలో ఒక చిన్న తుండుగుడ్డ పెట్టి ఆమె చేత కూడా కొంత రుద్దించడం. అన్నిటికన్నా ముఖ్యం, ఆమె వద్దన్నప్పుడు ఆగి సాయంత్రం మళ్లీ అడగగలగడం. సిబ్బంది డ్యూటీ మారేలోగా ఇరవై మందికి స్నానాలు ముగియాలన్న నియమం ఉన్నచోట ఈ చివరిది అసాధ్యం కాబట్టి, మొత్తం నేర్పంతా దాని దగ్గరే ఆగిపోతుంది.

భోజనం విషయమూ ఇటువంటిదే. పక్షవాతం, డిమెన్షియా, పార్కిన్సన్స్ వంటి జబ్బులలో మింగే కండరాలు బలహీనపడి తరచుగా పొలమారుతుంది. ఆహారమో నీరో ఊపిరితిత్తులలోకి పోయి న్యుమోనియాకు దారితీస్తుంది. దీనిని నివారించడానికి ఆహారపానీయాలను పలుచదనం, మెత్తదనాలను బట్టి 0 నుంచి 7 వరకు ఎనిమిది స్థాయులుగా విభజించే అంతర్జాతీయ ప్రమాణాన్ని ఆస్ట్రేలియా 2019లో అమలులోకి తెచ్చింది. పానీయాన్ని 10 మిల్లీలీటర్ల సిరంజిలో పోసి, పది సెకన్లు కారనిచ్చి ఎంత మిగిలిందో చూస్తారు. మెత్తగా రుబ్బిన ఆహారమైతే చెంచాను వంచినప్పుడు ముద్దగా జారిపడాలి తప్ప అంటుకుపోకూడదు, కారిపోకూడదు. ప్రమాణం ఇంతవరకు చెబుతుంది. కానీ రుబ్బిన క్యారెట్‌నూ మాంసాన్నీ బంగాళదుంపనూ పళ్లెంలో విడివిడిగా వడ్డించి ఏది ఏదో చెప్పి తినిపించడానికీ, అన్నీ కలిపేసి ఒకే రంగు ముద్దగా నోట్లో పెట్టడానికీ మధ్య ఉన్న అంతరం ఏ సిరంజికీ అందదు. పళ్లు తోమించడం, కట్టుడు పళ్లు రాత్రి తీసి కడగడం కూడా ఇక్కడే చెప్పుకోవలసినవి. నోరు శుభ్రంగా లేక నొప్పి పుడుతుంటే తిండి తగ్గుతుంది, మాట తగ్గుతుంది, పక్కవారితో కలిసి బల్ల దగ్గర కూర్చోవాలన్న కోరికా తగ్గుతుంది.

సామూహిక జీవనం అంటే వారానికి రెండుసార్లు అందరినీ హాలులో కూర్చోబెట్టి ఆడించే ఆట మాత్రమే కాదని అర్థం కావడానికి పాశ్చాత్య దేశాలకు చాలా కాలం పట్టింది. నిద్ర, పని, తిండి అన్నీ ఒకే కప్పు కింద, ఒకే అధికారం కింద, ఒకే సమయపట్టిక ప్రకారం నడిచే చోటును సామాజిక శాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1961లో సంపూర్ణ సంస్థగా వర్ణించి, జైలుకూ మానసిక చికిత్సాలయానికీ వృద్ధుల గృహానికీ పోలికలు చూపాడు. 1976లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అమెరికాలోని ఒక నర్సింగ్ హోములో చిన్న ప్రయోగం చేశారు. ఒక అంతస్తువారికి సొంత నిర్ణయాలు తీసుకునే బాధ్యత మీదేనని చెప్పి, కావాలంటే ఒక మొక్కను ఎంచుకుని పెంచుకోమన్నారు. మరొక అంతస్తువారికి మొక్కలు ఇచ్చి, వాటిని సిబ్బందే చూసుకుంటారన్నారు. కొద్ది వారాలలోనే మొదటివారిలో చురుకుదనం, ఇతరులతో కలివిడి పెరిగాయి. ప్రయోగం చిన్నదే అయినా అది లేవనెత్తిన ప్రశ్న పెద్దది. తనకంటూ నిర్ణయించుకునేది ఏమీ లేని మనిషి నలుగురిలో కూర్చున్నా పంచుకోవడానికి ఏమీ మిగలదు.

టాస్మానియా రాజధాని హోబార్ట్ శివారులో 2020లో మొదలైన ‘కొరోంగీ’ ఈ ఆలోచనకు ఇటుకలతో ఇచ్చిన రూపం. డిమెన్షియా ఉన్నవారి కోసం కట్టిన ఈ చిన్న ఊరిలో పన్నెండు ఇళ్లు, ఇంటికి ఎనిమిదిమంది. ప్రతి ఇంటికీ సొంత వంటగది ఉండడంతో కూర వాసన గదులలోకి వస్తుంది, కూరగాయలు తరగడానికి చేయి కలపాలనుకున్నవారు కలుపుతారు. నెదర్లాండ్స్‌లోని వీస్ప్‌లో 2009లో ప్రారంభమైన ‘హోగెవెయిక్’ గ్రామం దీనికి స్ఫూర్తి. ఇటువంటివి కట్టడానికి పెద్ద మొత్తాలు కావాలి కనుక అందరికీ అందవు. 2025 నవంబరు 1న అమలులోకి వచ్చిన ఆస్ట్రేలియా కొత్త ఏజ్డ్ కేర్ చట్టం మాత్రం నివాసి హక్కులను చట్టంలోనే చేర్చింది. దానితో పాటు వచ్చిన ఏడు నాణ్యతా ప్రమాణాలలో ఆరవది ఆహారానికి, ఏడవది నివాసుల సామూహిక జీవనానికి కేటాయించారు. బంధాలు నిలుపుకోవడం, చేయదలచిన పని చేయగలగడం ఇప్పుడు అక్కడ దయాధర్మం కాదు, తనిఖీకి వచ్చిన అధికారి అడిగి తెలుసుకునే అంశం.

పిల్లల వెంట ఆస్ట్రేలియా వెళ్లి స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులకు ఈ విషయాలు దూరపువి కావు. డిమెన్షియా ముదిరినప్పుడు తరువాత నేర్చుకున్న భాష ముందుగా చెదిరి, చిన్ననాటి భాష ఎక్కువ కాలం నిలిచే సందర్భాలు తరచుగా కనిపిస్తాయి. ఇంగ్లీషులో ‘దాహమా’ అని అడిగితే అర్థం కాని మనిషి ‘మంచినీళ్లు కావాలా అమ్మా’ అంటే తల తిప్పుతుంది. మెల్‌బోర్న్, సిడ్నీ నగరాలలో గ్రీకులు, ఇటాలియన్లు, యూదులు తమ పెద్దల కోసం సొంత గృహాలు కట్టుకోవడానికి ఇదొక ముఖ్య కారణం. వ్యక్తిగత సంరక్షణలోనైతే భాష కన్నా లోతైన అలవాట్లు అడ్డువస్తాయి. చెంబుతో నీళ్లు పోసుకోవడం, విసర్జన తరువాత నీటితో కడుక్కోవడం, తలకు నూనె పెట్టి జడ వేయించుకోవడం, పరాయి మగవాడి చేత ఒళ్లు కడిగించుకోవడానికి ఒప్పుకోకపోవడం వంటివి అడిగి రాసుకోనిదే ఏ సిబ్బందికీ తెలియవు. చేర్చుకునే రోజున మందుల పట్టికతో పాటు ఈ వివరాలనూ కుటుంబం ఒక పేజీలో రాసి ఇస్తే, మొదటి వారంలో జరిగే అనేక పెనుగులాటలు తప్పుతాయి. సంరక్షణ సహాయకులలో భారత్, నేపాల్, ఫిలిప్పీన్స్ దేశాల నుంచి వచ్చినవారు చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్నారు. తక్కువ జీతానికి ఎక్కువ బరువు మోసిన ఈ వర్గానికి 2023 జూలైలో 15 శాతం వేతన పెంపు దక్కింది.

ఇక స్వదేశానికి వస్తే, 2011 జనాభా లెక్కల నాటికే భారతదేశంలో అరవై దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 19వ సెక్షన్ నిరుపేద వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మందికి సరిపడే ఆశ్రమాలను రాష్ట్రాలు దశలవారీగా నెలకొల్పవచ్చని చెప్పి, వాటి నిర్వహణ ప్రమాణాలను నిర్ణయించే బాధ్యతను కూడా రాష్ట్రాలకే అప్పగించింది. వృద్ధుల గృహాలన్నీ నమోదు కావాలని, కనీస ప్రమాణాలు పాటించాలని ప్రతిపాదిస్తూ 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లు, 2024లో సభ రద్దు కావడంతో మురిగిపోయింది. ఇటువంటి బిల్లు మళ్లీ వచ్చినప్పుడు పడకల సంఖ్య, గదుల కొలతలు, వైద్యుడి రాక వంటివి అందులో తప్పక ఉంటాయి. ఒక్కో ఆయా చేతి కింద మంచం పట్టినవారు ఎందరు ఉండవచ్చు, ఆమెకు స్నానం చేయించడంలో, పక్కకు తిప్పడంలో, పొలమారకుండా తినిపించడంలో ఎవరు శిక్షణ ఇస్తారు, ఈ పూట వద్దన్న మనిషిని వదిలి మరో పూట అడిగే వెసులుబాటు ఆమెకు ఉంటుందా అన్న ప్రశ్నలకు ఆ ముసాయిదాలో జవాబు వెతకవలసి ఉంటుంది.